పాకిస్తాన్ స్లైడ్లు ఉంచండి, ఇండియా స్లైడ్లు తీసేయండి అన్న పెద్దలకి ఒక బహిరంగ లేఖ

బెంగళూరులో యూనివర్సిటీలు నడిపే వీసీలకి, రిజిస్ట్రార్లకి, రీసెర్చ్ కమిటీల్లో కూర్చునే ప్రొఫెసర్లకి,

నమస్కారం అండి. మీలో తెలుగువాళ్ళు కూడా బాగానే ఉన్నారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నా, అర్థం కానివాళ్ళకి పక్క కేబిన్‌లో ఉండే రెడ్డి గారో రావు గారో చదివి చెప్తార్లెండి. మాది మదనపల్లె. పెళ్ళయ్యాక ఈ ఊరొచ్చా, కేఆర్ పురం దాటాక ఒక అపార్ట్‌మెంట్లో ఉంటాం, ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో గెస్ట్ ఫ్యాకల్టీగా పొలిటికల్ సైన్స్ చెప్తా, హ్యూమన్ రైట్స్ పేపర్ నాదే. ఏ యూనివర్సిటీ అనేది రాయట్లేదు. భయం కొంచెం ఉంది, వచ్చే సెమిస్టర్ నాకు క్లాసులు ఇవ్వాలా వద్దా అనేది వాళ్ళ చేతిలోనే ఉంది కదా. దానికంటే పెద్ద కారణం ఏంటంటే ఇది వాళ్ళొక్కళ్ళే చేసే పని కాదు, ఫ్రెండ్స్‌ని అడిగితే ప్రతి ఒక్కళ్ళ దగ్గరా ఇలాంటి కథ ఒకటుంది.

విషయం ఇదీ. ఈ మధ్య మా దగ్గర నేషనల్ సెమినార్ పెట్టారు, ఆసియా దేశాల్లో మతోన్మాదం, మానవ హక్కులు అని టాపిక్. నా అబ్‌స్ట్రాక్ట్ సెలెక్ట్ అయింది, ప్రోగ్రామ్ షీట్‌లో పేరొచ్చింది, గేట్ దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టారు. సెమినార్ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం బస్సులో నిలబడి ఉండగా ఆఫీస్ నుంచి ఫోన్. మేడమ్ మీ పేపర్ చాలా బాగుందండి, పాకిస్తాన్ పార్ట్ అయితే సూపర్, బంగ్లాదేశ్ కూడా ఉంచండి, మయన్మార్ మీ ఇష్టం, ఇండియా స్లైడ్లు మాత్రం తీసేద్దాం, లేనిపోని తలనొప్పి ఎందుకు చెప్పండి అన్నారు. ఎవరు అభ్యంతరం చెప్పారు సార్ అంటే ఎవరూ చెప్పలేదట, చెప్తారేమోనట. అదే ముక్క మెయిల్‌లో పెట్టండి అంటే, ఫోన్లో మాట్లాడుకున్నాం కదా మేడమ్ మళ్ళీ మెయిలెందుకు అన్నారు. నేను తీయనన్నా. వాళ్ళు కొత్త ప్రోగ్రామ్ షీట్ వేయించారు, అందులో నా పేరుండాల్సిన చోట టీ బ్రేక్‌ని అరగంట పొడిగించారు. ఆ రోజు సమోసాలు బావున్నాయని మాత్రం విన్నా.

తిట్టలేదు, బెదిరించలేదు, ఆద్యంతం చాలా మర్యాదగా మాట్లాడారు, నాకు ఒళ్ళు మండింది అక్కడే. వేరేవాళ్ళ మతోన్మాదం మీద ఎంతైనా రీసెర్చ్ చేసుకోండి, ఫండింగ్ కూడా ఇప్పిస్తాం, మనదాకా వస్తే మాత్రం టీ తాగండి అన్నట్టుంది. ఇది పిరికితనం వరకే అయితే ఏదోలే అనుకుందును, కానీ ఇది చదువుగా కూడా తప్పు. ఇండియాని తీసేస్తే నా పేపర్‌లో పాకిస్తాన్ కూడా మిగలదు, ఎలాగో కొంచెం ఓపిగ్గా వినండి.

నా పేపర్ 295-ఏ అనే ఒక్క సెక్షన్ గురించి. అది పుట్టింది మన ఉమ్మడి ఇంట్లో, లాహోర్లో. 1920ల్లో అక్కడ రాజ్‌పాల్ అనే పబ్లిషర్ ప్రవక్త మీద ఒక కరపత్రం లాంటి పుస్తకం వేశాడు, ముస్లింలకి కోపమొచ్చింది, కేసయింది, కింది కోర్టు శిక్ష వేసింది, 1927లో లాహోర్ హైకోర్టు జడ్జి దిలీప్ సింగ్ మాత్రం రాసింది చెత్తే అయినా ఉన్న చట్టం ప్రకారం చనిపోయిన మతపెద్ద మీద రాతకి శిక్ష వేయలేం అని వదిలేశాడు. ఊరేగింపులు, గోల. అదే ఏడాది సెప్టెంబర్లో బ్రిటిష్ ప్రభుత్వం అసెంబ్లీలో కొత్త సెక్షన్ తెచ్చింది, మత భావాల్ని కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే జైలు. అప్పుడు అసెంబ్లీలో ఒకాయన లేచి, ఇది అవసరమే గానీ చరిత్ర రాసేవాళ్ళని, నిజం వెతికేవాళ్ళని, నిజాయితీగా ఒక మతాన్ని విమర్శించేవాళ్ళని ఈ చట్టం నుంచి కాపాడుకోవాలి అని అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. ఎవరనుకున్నారు, మహమ్మదాలీ జిన్నా. రికార్డుల్లో ఉంది, చూసుకోవచ్చు. చట్టమొచ్చిందని కోపం చల్లారిందా అంటే అదీ లేదు, 1929 ఏప్రిల్‌లో ఇల్ముద్దీన్ అనే కుర్రాడు రాజ్‌పాల్‌ని పొడిచి చంపేశాడు, అదే ఏడాది అక్టోబర్లో ఆ కుర్రాణ్ణి ఉరి తీశారు. భావాలు దెబ్బతిన్నాయి అన్న మాటకి చట్టంలో సీటు వేశాం గానీ ప్రాణాలు మాత్రం దక్కలేదు, అటు ఒకటి ఇటు ఒకటి.

తర్వాత దేశం ముక్కలైంది, పీనల్ కోడ్‌ని మాత్రం అందరూ ఉన్నదున్నట్టు తీసుకెళ్ళారు. మన దగ్గర 295-ఏకి 1957లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ సరే అంది, శిక్ష తర్వాత మూడేళ్ళకి పెరిగింది, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 299గా నంబర్ మారింది, విషయం అదే. పాకిస్తాన్‌లో సైనిక పాలకుడు జియా వచ్చి దానికి తోకలు తగిలించాడు, 1982లో ఖురాన్‌ని అపవిత్రం చేస్తే అని 295-బీ, 1986లో ప్రవక్తని అవమానిస్తే అని 295-సీ, ఈ రెండోదాంట్లో మరణశిక్ష ఉంది. ముల్తాన్‌లో బహావుద్దీన్ జకరియా యూనివర్సిటీలో ఇంగ్లీష్ చెప్పే జునైద్ హఫీజ్ అనే యువకుణ్ణి 2013 మార్చిలో ఆ సెక్షన్ కిందే పట్టుకెళ్ళారు, ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో చదివి తిరిగొచ్చి పాఠాలు చెప్పుకుంటున్నవాడు. ఆయన తరఫున వాదించిన లాయర్ రషీద్ రెహమాన్‌ని కోర్టు హాల్లో జడ్జి ముందే బెదిరించారు, 2014 మేలో ఆయన ఆఫీసులోనే కాల్చి చంపారు. హఫీజ్‌కి 2019 డిసెంబర్లో ఉరిశిక్ష పడింది. ఇక మయన్మార్, 1937 దాకా అది కూడా బ్రిటిష్ ఇండియానే కాబట్టి అక్కడా అదే కోడ్, అదే 295-ఏ. 2014లో టిన్ లిన్ ఊ అనే రచయిత ఒక సభలో బౌద్ధాన్ని అడ్డం పెట్టుకుని జాతి ద్వేషం నూరిపోయడం తప్పు అన్నాడు, ఎవరి మీద అన్నాడో వాళ్ళు దర్జాగా తిరిగారు, ఆయనకి 2015 జూన్‌లో కఠిన కారాగారంతో రెండేళ్ళు శిక్ష వేశారు. ఉన్మాదాన్ని ఆపడానికి పెట్టామన్న సెక్షన్ ఉన్మాదం వద్దన్నవాడి మెడకి చుట్టుకుంది.

ఇప్పుడు చెప్పండి సార్, ఇందులోంచి ఇండియా స్లైడ్ ఏ కత్తెరతో కట్ చేయమంటారు? ఒకే కోడ్ ఎక్కడ ఉరి దాకా వెళ్ళింది, ఎక్కడ మూడేళ్ళ దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది, పోలీసోడు ఎఫ్ఐఆర్ రాసేటప్పుడు ఎక్కడ ఏం చేస్తాడు, జడ్జి మీద వీధి ఒత్తిడి ఎంత, ఇవి పక్కపక్కన పెట్టి చూస్తేనే కదా తెలిసేది. మన కోర్టులు కొన్నిసార్లు బాగా నిలబడ్డాయి, ఆ మంచి కూడా మీరు తీసేయమన్న స్లైడ్లలోనే ఉంది, అది ఎవరూ అడగలేదు.

పక్కపక్కన పెట్టడం వల్ల ఏం కనిపిస్తుందో ఇంకో ఉదాహరణ చెప్తా, క్లాసులో ఇది చెప్పినప్పుడు ఫోన్లు చూసుకునే పిల్లలు కూడా తలెత్తుతారు. బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ అని ఒక జిల్లా. 2012 సెప్టెంబర్ చివర్లో అక్కడ రాము అనే ఊళ్ళో ఒక బౌద్ధ కుర్రాణ్ణి ఫేస్‌బుక్‌లో ఎవరో ఒక బొమ్మకి ట్యాగ్ చేశారు, ఖురాన్‌ని అవమానించే బొమ్మ, వాడు పెట్టింది కాదు, ట్యాగ్ అంతే. రాత్రికి రాత్రి గుంపులొచ్చి పదికి పైగా బౌద్ధ ఆలయాలు తగలబెట్టారు, ఇళ్ళూ పోయాయి. అక్కడ బౌద్ధులు గుప్పెడు మంది, ముస్లింలు మెజారిటీ. ఐదేళ్ళు తిరిగాయి, 2017 ఆగస్టు 25 తర్వాత బోర్డర్ అవతల మయన్మార్లో సైన్యం రోహింగ్యా ఊళ్ళ మీద పడింది, ఏడు లక్షల మందికి పైగా ఇటు పారిపోయి వచ్చారు, అక్కడ బౌద్ధులు మెజారిటీ, దెబ్బతిన్నది ముస్లింలు. వాళ్ళు వచ్చి తలదాచుకున్నది ఎక్కడ? ఆ కాక్స్ బజార్ జిల్లాలోనే. ఒక్క జిల్లాలో నిలబడి చూస్తే ఏ మతం మంచిది ఏ మతం చెడ్డది అన్న ప్రశ్నే పనికిరాకుండా పోతుంది, లెక్కెక్కువ ఉన్నవాడి చేతిలో పోలీసు, ఫోను, పుకారు మూడూ పడ్డప్పుడు ఏం జరుగుతుందన్నదే అడగాల్సిన ప్రశ్న అవుతుంది. మీరు మయన్మార్ మీ ఇష్టం అన్నారు కదా, మయన్మార్ చెప్పేది ఇదేనండి.

శ్రీలంక ఇంకా చిత్రం. 2012లో బోదు బల సేన అని బౌద్ధ భిక్షువులే ముందుండి పెట్టిన సంస్థ, 2014 జూన్‌లో అలుత్గమలో ముస్లింల మీద దాడులు, 2018లో కాండీ వైపు మళ్ళీ. 2019 ఈస్టర్ ఆదివారం నాడు అదే దేశంలో ముస్లిం ఉగ్రవాదులు చర్చిల్లో, హోటళ్ళలో బాంబులు పేల్చి 250 మందికి పైగా చంపారు, ఎక్కువమంది ప్రార్థనకెళ్ళిన క్రైస్తవులు, ఈ రెండు గొడవలతోనూ ఏ సంబంధం లేనివాళ్ళు. తర్వాత కోవిడ్‌లో చనిపోయిన ముస్లింలని పూడ్చనివ్వకుండా బలవంతంగా దహనం చేశారు, 20 రోజుల పసిబిడ్డని కూడా, డబ్ల్యూహెచ్ఓ పూడ్చొచ్చు అని చెప్పినా వినలేదు, 2024లో ప్రభుత్వమే క్షమాపణ చెప్పుకుంది. ఇవన్నీ ఒకెత్తు, శక్తిక సత్కుమార అనే రచయిత కేసు ఒకెత్తు. ఫేస్‌బుక్‌లో ఒక చిన్న కథ పెట్టాడు, భిక్షువుల జీవితం గురించి. 2019 ఏప్రిల్‌లో అరెస్ట్ చేసి నాలుగు నెలలు లోపల పెట్టారు. ఏ చట్టం కింద? పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికని అమలు చేయడానికని 2007లో తెచ్చుకున్న చట్టం కింద. అంటే మానవ హక్కుల చట్టంతోనే కథ రాసినవాణ్ణి మూసేశారు. హ్యూమన్ రైట్స్ సిలబస్ మీరు పెట్టిందే, ఆ ఒడంబడిక పేరు రాస్తే పిల్లలకి రెండు మార్కులు, అదెలా వాడారో అడిగితే మాత్రం సెన్సిటివ్ టాపిక్.

ఒక పక్క మాట. మా అపార్ట్‌మెంట్లో తెలుగు ఫ్యామిలీల వాట్సాప్ గ్రూప్ ఉంది, ఉగాది భోజనాలకీ కాటరాక్ట్ డాక్టర్ల నంబర్లకీ పెట్టుకున్నది. 2024 ఆగస్టులో షేక్ హసీనా పారిపోయాక బంగ్లాదేశ్‌లో హిందువుల ఇళ్ళ మీద దాడులయ్యాయి, నిజంగానే అయ్యాయి, దాంతోపాటు సంబంధంలేని పాత వీడియోలు కూడా గుట్టలుగా తిరిగాయి. నేను ఓపిగ్గా ఏది నిజం, ఏది పాతది అని విడదీసి రాసి పెట్టా, నిజమైనవి ఎందుకు ఖండించాలో కూడా రాశా. గ్రూప్ అంతా దండాలు, చప్పట్లు, పై ఫ్లోర్ అంకుల్ అయితే మీలాంటివాళ్ళే ఉండాలమ్మా అన్నారు. ఇంకో వారం పోయాక ఇక్కడి విషయం ఒకటి అలాగే విడదీసి రాశా, అదే పద్ధతి, అదే భాష. బ్లూ టిక్కులు పడ్డాయి గానీ ఒక్కళ్ళు పలకలేదు, చివరికి ఎవరో వాటర్ ట్యాంకర్ ఎప్పుడొస్తుందని అడిగారు. గురివింద సామెత మనకి మనమే చెప్పుకున్నది ఇందుకే కాబోలు. అంకుల్‌ని నేనేం అనను, ఆయన బ్యాంకులో రిటైరయ్యారు, రీసెర్చ్ ఆయన పని కాదు. మీది ఆ పనే కదండీ. మీరు కూడా వాట్సాప్ గ్రూప్ లాగే నడిస్తే ఇంత బిల్డింగూ, ఇంత ఫీజులూ ఎందుకు.

మీ భయం నాకు తెలియక కాదు. గుంపు వస్తుంది, అద్దాలు పగులుతాయి, ట్రస్టీలు అడుగుతారు. పుణెలో భండార్కర్ ఇన్‌స్టిట్యూట్ మీద 2004 జనవరిలో పడి పాత తాళపత్రాలు, పుస్తకాలు నాశనం చేశారు, ఒక విదేశీ ప్రొఫెసర్ పుస్తకానికి అక్కడివాళ్ళు సాయం చేశారన్న కోపంతో. అలాంటివి గుర్తుపెట్టుకునే మీరు జాగ్రత్తపడతారు. కానీ ఒక్కసారి వరస చూడండి, గుంపు వచ్చేలోపే మనిషిని వదిలేసేది ఎవరు? కేరళలో ప్రొఫెసర్ టీజే జోసెఫ్ ఒక క్వశ్చన్ పేపర్ సెట్ చేశారు, అందులో ఒక ప్రశ్న ప్రవక్తని అవమానించేలా ఉందని గొడవైంది, కాలేజీ వెంటనే సస్పెండ్ చేసింది. 2010 జులై 4, ఆదివారం, చర్చి నుంచి తల్లి, తోబుట్టువుతో కారులో ఇంటికొస్తుంటే ఆపి కుడిచేయి నరికేశారు. దాడి చేసినవాళ్ళు మతోన్మాదులు, కోర్టులో శిక్షలు కూడా పడ్డాయి, అందులో డౌట్ లేదు. కానీ చేయి పోయి ఆస్పత్రిపాలైన మనిషిని ఆ తర్వాత కొన్ని నెలల్లోనే ఉద్యోగంలోంచి తీసేసింది ఎవరు? ఆయన కాలేజీ. దైవదూషణ కేసు కోర్టులో కొట్టేశాక కూడా వెంటనే తీసుకోలేదు, రిటైర్ అవ్వాల్సిన వారంలో తీసుకున్నారు, అప్పటికి ఆ ఇంట్లో ఆయన భార్య లేరు. ముల్తాన్‌లో హఫీజ్ కథ కూడా క్యాంపస్‌లోనే మొదలైంది, స్టూడెంట్ల గొడవతో.

ధార్వాడ్ కల్బుర్గి గారి విషయం మీకు నేను చెప్పక్కర్లేదు, మీలో కొందరు ఆయన్ని చూసి ఉంటారు, హంపి కన్నడ యూనివర్సిటీ వీసీగా చేసిన మనిషి, కన్నడంలో బసవన్న లాంటివాళ్ళు చెప్పిన వచనాల మీద ఆయన్ని మించి చదివినవాళ్ళు తక్కువ. 2015 ఆగస్టు 30 పొద్దున తలుపు కొడితే తీశారు, కాల్చారు, 76 ఏళ్ళు. అందరూ ఆ తారీఖే చెప్తారు, నేను పిల్లలకి 1989 చెప్తా. బసవన్న కుటుంబం గురించి తన పరిశోధనలో రాసినదానికి మఠం ముందు నిలబెట్టి వెనక్కి తీసుకోమన్నారు, ఇంట్లోవాళ్ళ ప్రాణాల కోసం తీసుకున్నారు, ఆ రోజు మేధోపరంగా ఆత్మహత్య చేసుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆ రోజు కర్ణాటకలోని వీసీలందరూ ఒక్క లెటర్ రాసుంటే, ఆయన వాదన తప్పయితే తప్పని ఇంకో పరిశోధనతో తేలుద్దాం అని, ఏమయ్యేదో నాకు తెలీదు, రాయాల్సింది మాత్రం అప్పుడు. బసవన్న మనకేం పరాయివాడా, శ్రీశైలం దారి పొడుగునా ఆ కథలే కదా, అయినా తెలుగు యూనివర్సిటీల నుంచి కూడా గట్టిగా ఏం వినిపించినట్టు లేదు. పక్కన తమిళనాడులో నవల మీద గొడవైన రచయిత పెరుమాళ్ మురుగన్‌ని 2015 జనవరిలో నామక్కల్‌లో శాంతి మీటింగ్ అని పిలిచి అధికారుల ముందు బేషరతు క్షమాపణ రాయించుకున్నారు, ఆయన నాలోని రచయిత చచ్చిపోయాడు అని ప్రకటించుకున్నాడు. 2016 జులైలో మద్రాస్ హైకోర్టు ఆ శాంతి ఒప్పందం ఆయన మీద చెల్లదు, వెళ్ళి రాసుకో అంది. గమనించండి, కోర్టు తప్పుపట్టింది ఆఫీస్ రూమ్‌లో జరిగిన సెటిల్‌మెంట్‌ని కూడా. నాకొచ్చిన ఫోన్ కాల్ అలాంటి రూమ్‌లో పుట్టిందే, చిన్న సైజు.

స్కాలర్లందరూ సుద్దపూసలని నేను అనట్లేదు. జపాన్‌లో ఓమ్ షిన్రిక్యో అనే గుంపు 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సరిన్ గ్యాస్ వదిలింది, పదముగ్గురికి పైగా చనిపోయారు, వేలమంది ఆస్పత్రుల్లో పడ్డారు. కొన్ని వారాల తర్వాత అమెరికా నుంచి కొందరు మత అధ్యయనాల పండితులు దిగి, వీళ్ళకి సరిన్ తయారుచేసే స్తోమత లేదు, మైనారిటీ మతాన్ని పోలీసులు వేధిస్తున్నారు అని ప్రెస్‌మీట్ పెట్టారు. వాళ్ళ ప్రయాణ ఖర్చులు పెట్టింది ఓమ్ వాళ్ళే. అది తెలిశాక మత అధ్యయనాలు అనే డిపార్ట్‌మెంట్ పరువే పోయింది అక్కడ. కాబట్టి డబ్బెవరిచ్చారు అని అడగండి, ఫీల్డ్‌కి వెళ్ళావా లేక యూట్యూబ్ చూసి రాశావా అని అడగండి, నీకు నచ్చిన గుంపు తప్పుల్ని కూడా రాశావా అని అడగండి. మా సైడ్ వాళ్ళలో కూడా ఉన్నారు, హిందుత్వ మీద పది పేపర్లు రాసి జోసెఫ్ గారి చేయి గురించి ఒక్క ఫుట్‌నోట్ రాయనివాళ్ళు, 2007 ఆగస్టులో హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ మీద ఎమ్మెల్యేలే పూలగుత్తులూ కుర్చీలూ విసిరితే అది కాంప్లికేటెడ్ అండీ అనేవాళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టి అడగాల్సింది మీ కమిటీలే. మీరు అడిగేది మాత్రం ఒక్కటే, ఇండియా ఉందా లేదా.

మతోన్మాదం అంటే ఏంటో ప్రభుత్వాలే తేల్చుకుంటాయి, మనకెందుకు అనేవాళ్ళూ మీలో ఉన్నారు, వాళ్ళు షిన్‌జియాంగ్ వైపు ఒకసారి చూడాలి. చైనా 2017లో అక్కడ రూల్స్ పెట్టింది, అసాధారణ గడ్డం తీవ్రవాదం, మొహానికి ముసుగు తీవ్రవాదం, పిల్లాడికి అతి మతం పేరు పెట్టినా తీవ్రవాదమే. రహీలే దావుత్ అని షిన్‌జియాంగ్ యూనివర్సిటీ ప్రొఫెసర్, ఉయ్‌ఘర్ ముస్లింల పల్లెల్లో తిరిగి దర్గాలు, అక్కడ పాడే పాటలు, మొక్కులు రికార్డ్ చేసిన మనిషి, ప్రభుత్వ గ్రాంట్లతోనే చేసింది. 2017 డిసెంబర్లో మాయమైంది, ఆమెకి యావజ్జీవం పడిందన్న సంగతి బయటికొచ్చింది 2023లో. దర్గాల్లో సూఫీ పాటలు పాడుకునేవాళ్ళని అటు చాందసవాదులూ ఒప్పుకోరు, ఇటు సర్కారూ ఒప్పుకోలేదు. ఎవడు ఉన్మాది, ఎవడు భక్తుడు అనేది చదివి, తిరిగి, మాట్లాడి తేల్చే మనుషులు లేకపోతే ఆ లిస్ట్ రాసేది పోలీస్ స్టేషనే.

అసలు ఈ ఊళ్ళో కూర్చుని ఇది మన టాపిక్ కాదు అనడం నాకు మింగుడుపడదు. 1986 డిసెంబర్లో ఇక్కడి ఒక ఇంగ్లీష్ పేపర్ ఆదివారం కథ ఒకటి వేస్తే, మలయాళం నుంచి అనువాదం, అందులో మతిస్థిమితం లేని కుర్రాడికి ప్రవక్త పేరుందని గొడవై పదిమందికి పైగా పోయారు. 2005 డిసెంబర్ 28న ఐఐఎస్‌సీలో కాన్ఫరెన్స్ అయ్యి టాటా ఆడిటోరియం బయటికి వస్తున్నవాళ్ళ మీద కాల్పులు జరిపితే ఢిల్లీ ఐఐటీ రిటైర్డ్ లెక్కల ప్రొఫెసర్ ఎంసీ పూరీ చనిపోయారు. 2017 సెప్టెంబర్ 5 రాత్రి రాజరాజేశ్వరి నగర్లో జర్నలిస్టు గౌరీ లంకేశ్‌ని ఇంటి గేటు దగ్గరే కాల్చారు. 2020 ఆగస్టు 11 రాత్రి ఒక ఎమ్మెల్యే చుట్టం పెట్టిన ఫేస్‌బుక్ పోస్టుకి డీజే హళ్ళి, కేజీ హళ్ళి తగలబడ్డాయి, ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు, పోలీసు కాల్పుల్లో ముగ్గురు పోయారు, అదే రాత్రి అదే డీజే హళ్ళిలో ముస్లిం కుర్రాళ్ళు చేతులు పట్టుకుని ఆంజనేయస్వామి గుడి చుట్టూ గొలుసులా నిలబడ్డారు. ఎందుకు ఒక వీధిలో అది, పక్క వీధిలో ఇది? ఆ కుర్రాళ్ళని ఎవరు పిలిచారు, ముందే ఏదైనా కమిటీ ఉందా, గుడి పూజారితో పరిచయాలున్నాయా? ఆటోలో గంట దూరం, పీహెచ్‌డీకి ఇంతకంటే మంచి ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది. అది వదిలేసి మనం కాన్ఫరెన్స్ బ్యాగులు పంచుకుంటాం.

నాకు కావాల్సింది విప్లవం కాదండి. పేపర్ ఆపాలంటే ఆపండి, ఎందుకు ఆపారో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి, అప్పీల్ చేసుకునే దారి చూపించండి, ఫోన్లో గుసగుసలు వద్దు. కంప్లయింట్ వస్తే ముందు సస్పెండ్ చేసి తర్వాత విచారించే అలవాటు మానండి, యూనివర్సిటీ లాయర్ యూనివర్సిటీ టీచర్ కోసం కూడా ఒక గంట కేటాయించాలని రూల్లో రాయండి, గెస్ట్ ఫ్యాకల్టీ కూడా టీచరే అని బ్రాకెట్లో పెట్టినా పర్లేదు. ఏది ద్వేష ప్రసంగం, ఏది పరిశోధన అని మీకు తేడా తెలియట్లేదంటే 2012లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ రబాత్ కార్యాచరణలో ఆరు విషయాలు చూడమన్నారు, ఏ సందర్భంలో అన్నాడు, అన్నవాడి స్థాయి ఏంటి, ఉద్దేశం ఏంటి, మాటలో ఏముంది, ఎంతమందికి చేరింది, హాని నిజంగా జరిగేట్టుందా. ముప్ఫై మంది కూర్చున్న సెమినార్ హాల్లో ఒక గెస్ట్ ఫ్యాకల్టీ చూపించే స్లైడ్లు ఈ ఆరింట్లో దేనికి తగుల్తాయో చెప్తే నేనే తీసేస్తా. ఇంకొకటి, ఫీల్డ్‌లో మాతో మాట్లాడిన మనుషుల పేర్లు, రికార్డింగులు ఎక్కడ దాచాలో ఏ ఎథిక్స్ కమిటీ అడగట్లేదు, సంతకం ఫారం ఉందా లేదా అంతే, రేపు ఎవడైనా వచ్చి ల్యాప్‌టాప్ పట్టుకుపోతే ఇబ్బందిపడేది ఆ కుర్రాళ్ళు, ఆ పూజారి గారు. దీని మీద ఒక వర్క్‌షాప్ పెట్టండి, నేనే ఉచితంగా చెప్తా. మన రాజ్యాంగం 51-ఏలో శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం ప్రతి పౌరుడి బాధ్యత అని ఉంది, మీ ఆడిటోరియం గోడ మీద కూడా రాయించారు, చూశా.

నా పేపర్ సంగతి వదిలేయండి, ఇంకెక్కడైనా చదువుకుంటా. వచ్చే నెల మీ కమిటీ ముందుకి డిసర్టేషన్ సినాప్సిస్‌లు వస్తాయి, అందులో మా క్లాసు అమ్మాయిది ఒకటుంది, హిందూపురం నుంచి వచ్చి బీటీఎం లేఅవుట్‌లో పీజీ హాస్టల్లో ఉంటూ చదువుకుంటోంది. టాపిక్, మత భావాల కేసుల్లో కింది కోర్టుల బెయిల్ ఆర్డర్లు, కర్ణాటకలో, శ్రీలంకలో. చాలా కష్టపడి రాసింది. ఆ పిల్లని బాగా నిలదీయండి, శాంపిల్ ఎలా తీస్తావు, సింహళం రాకుండా అక్కడి ఆర్డర్లు ఎలా చదువుతావు, రెండు దేశాల బెయిల్ రూల్స్ వేరు కదా ఎలా పోలుస్తావు అని అడగండి, తన దగ్గర సమాధానాలున్నాయి, కన్నడ ఆర్డర్లు అయితే నాకంటే బాగా చదువుతుంది. శ్రీలంక ఒక్కటీ చెయ్యమ్మా సరిపోతుంది అని మాత్రం అనకండి.

ఇట్లు,
ఒక గెస్ట్ ఫ్యాకల్టీ,
బెంగళూరు